సొరపాదుకు సెలైను

మొన్న గద్వాల దవాఖానల బీపీ సూపిచ్చుకోను పోతే, నా పక్కనున్న పిల్లకు సూది ఏస్తు నర్సు స్పిరిట్ దూది రుద్దింది. ఆ వాసన ముక్కుకు తగలంగనే నాకు సూది యాదికి రాలే, జడేసే మా అమ్మ చేతులు యాదికొచ్చినయ్. రాజోలి దవాఖానల నర్సమ్మ మా అమ్మ. ఎవరింట్లనో కాన్పు చేసి తెల్లారి ఇంటికొచ్చి, జొన్నరొట్టెలు కొట్టి, పుంటికూరకు ఎల్లిపాయ తాలింపేసి, నా జుట్టు గుంజి గుంజి జడేసేది. ఆ చేతులకు స్పిరిటు, తడిమన్ను, ఎల్లిపాయ, మూడు వాసనలు కలిసి ఉండేటియి. ఊరందరికి సూదులేసిన మా అమ్మ, నన్నొక్కదాన్ని బడిల కూసోబెట్టలేకపాయె.

దవాఖాన ఎనక మాకిచ్చిన క్వార్టరు, దాని ఎనక పెరడు. బీర, కాకర, మల్లెపొద, కొల్లాపూరు నుంచి తెచ్చి నాటిన మామిడి మొక్క, అన్నిటికన్న ముద్దుగ సొరపందిరి. ఎండకాలం తుంగభద్రల ఇసుక తప్ప నీళ్ళు కనవడని దినాలల్ల, దవాఖానల వాడి పారేసిన సెలైను సీసాలను అమ్మ కడిగి, బాయినీళ్ళు నింపి, కట్టెలకు తలకిందులు ఏలాడదీసి, గొట్టం కొసను పాదు మొదట్ల పెట్టేది. చుక్క చుక్క పడుతుండేటియి. పొద్దున్నే ఒక్కొక్క పాదు కాడ నిలబడి గొట్టానికున్న చక్రం తిప్పుకుంట, "ఏం బీరక్కా, నిద్ర పట్టిందా?" అని అడిగేది. అరుగు మీద కూసున్న మా నాయిన, "నన్నెన్నడన్న గట్ల అడిగినావే?" అని గునిసేటోడు.

అప్పట్ల మా ఊరోళ్ళకు సీసా ఎక్కితేనే రోగం దిగుతదని నమ్మకం. ఒక ఉగాదికి తిమ్మప్ప తాత భక్షాల మీద భక్షాలు తిని కడుపుబ్బి వస్తే, అమ్మ గోలీలిచ్చి మజ్జిగ తాగమంది. తాత మూలుక్కుంట మా పెరట్ల నుంచి పోయెటోడు, సొరపందిరి కాడ ఆగిపాయె.

"ఇదేందే నర్సమ్మా! సొరకాయకు సీసా ఎక్కిచ్చి నాకు గోలీలిస్తవా? నేను సొరకాయ కన్న అగ్గువనా?"

"అవి బాయినీళ్ళు తాతా."

"బాయినీళ్ళు సీసల ఎవరు పోస్తరే?"

వారానికోపారి వచ్చే డాక్టరు సారు ఆ దినం దవాఖానలనే ఉండె. తాత సక్కగ ఆయన కాడికి పోయి, నర్సమ్మ సర్కారు గ్లూకోసు సొరకాయలకు ఎక్కిస్తుందని చెప్పిండు. మందులు దొంగిలించిందని తేలితే బదిలీనే. అమ్మ మొఖం తెల్లబడ్డది. "బట్టలైతే మూటగట్టుకపోత గని, పందిరిని ఎట్ల గట్టుకపోత బిడ్డా?" అని నన్ను పట్టుకోని అన్నది.

సారు వచ్చిండు, ఆయన ఎనక సగం ఊరు వచ్చింది. అమ్మ గొట్టం పీకి గిలాసల నీళ్ళు పట్టింది. సారు చెయ్యి చాపేలోపల్నే తాత గుంజుకోని గటగట తాగి, మీసం తుడుసుకోని, "తియ్యగుంది సారూ! సక్కెర పాకమే! ఇగో, కడుపు గూడ దిగుతుంది!" అని ఇంత పెద్ద తేన్పు తేన్చిండు. అమ్మ పందిరి గుంజ పట్టుకోని నిలబడ్డది. సారు ఇంకో గిలాస పట్టిచ్చుకోని, నోట్ల పోసుకోని, తుపుక్కున ఊంచిండు.

"థూ, ఉప్పు బాయినీళ్ళే! ఇవి తాగి సొరకాయలు ఎట్ల బతుకుతున్నాయమ్మా?"

ఊరంత నవ్వింది. తాత మాత్రం, "సారు నాలుకకు జరమొచ్చినట్టుంది" అన్నడు. తెల్లారి నుంచి దినాం గిలాస పట్టుకోని పందిరి కాడికొచ్చేటోడు. అమ్మ తిట్టుకుంటనే తాత కోసమని ఇంకో సీసా కట్టింది.

బదిలీ కాలే. ఆ పెరడు చేసుకుంటనే అమ్మ రిటైరయ్యింది, ఎనభై దాటిందాక బతికింది. నా మొగుడు సచ్చిపోయిన ఏడు గూడ మా ఇంటికొచ్చి, "కూసోని ఏడిస్తే నడుము పట్టుకుంటది, వంగి ఏడువు, మిరపనారన్న నాటినట్టయితది" అని నన్ను పెరట్లకు తోలింది.

ఇప్పుడు ఆ క్వార్టరు లేదు. పెరట్ల సిమెంటు పోసి బండ్లు నిలబెడుతున్నరు. నర్సమ్మలు పొద్దున బస్సుకొచ్చి మాపటి బస్సుకు పోతున్నరు. మా అమ్మ చేతుల పుట్టినోళ్ళు రాజోలిల ఎంతమందో. గని వాళ్ళు నన్ను చూసి, పురుడు పోసిన నర్సమ్మ బిడ్డవా అని అడుగరు. "తిమ్మప్ప తాతకు సొరకాయ మందు తాపిన నర్సమ్మ బిడ్డవు గదా?" అంటరు. అవునంట నేను. గట్ల అడిగెటోళ్ళు గూడ ఇప్పుడు తక్కువైండ్రు.