ఫూరీకి వేసిన బంతి

కర్లపాలెం బెన్నీ ఎడమచేతి ఫాస్ట్ బౌలర్. తండ్రి బర్నబాస్ బడిలో లెక్కల మాస్టారు. బెన్నీ హైస్కూల్లో ఉన్నప్పుడు లియాన్ ఫూరీ అనే దక్షిణాఫ్రికా ఆటగాడు తన మొదటి టెస్టులోనే సెంచరీ కొట్టాడు. ఆ రోజు టీవీ ముందు కూర్చున్న బెన్నీ, అప్పటినుంచి అతని ఆట ఒక్కటీ వదల్లేదు. మోకాలి ఆపరేషన్‌తో ఫూరీ జట్టుకు దూరమైతే దిగులుపడ్డాడు. తిరిగొచ్చి వరసగా సెంచరీలు చేస్తే తనే కొట్టినంత సంబరపడ్డాడు.

బెన్నీ పేరు రాష్ట్ర జట్టుకు ఎంపికయ్యే అవకాశమున్నవాళ్ల జాబితాలోకి వచ్చిన ఏడాదే దక్షిణాఫ్రికా జట్టు విశాఖపట్నం వచ్చింది. ప్రాక్టీసులో బంతులు వేయడానికి స్థానిక బౌలర్లు కావాలంటే బెన్నీ వెళ్లాడు. మొదటి రోజు ఫూరీ అతని భుజం తట్టాడు. రెండో రోజు కొత్త బంతి చేతికిచ్చాడు.

"షార్ట్‌గా వెయ్యి, తల మీదికి లేవాలి. ఎంత వేగం ఉంటే అంత వేగంగా వెయ్యి. మొహమాటపడకు."

బెన్నీ వేశాడు. ఫూరీ హుక్ షాట్ కొట్టబోయాడు. బంతి బ్యాటు అంచుకు తగిలి, హెల్మెట్ కమ్మీల సందులోంచి దూరి కంటికి కొట్టుకుంది. ఫూరీ మోకాళ్ల మీద కూలబడ్డాడు. జట్టువాళ్లంతా పరిగెత్తుకొచ్చారు. బెన్నీని ఎవరో పక్కకు నెట్టారు. సాయంత్రం ఆసుపత్రికి వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు.

ఆ కంటికి చూపు తిరిగి రాలేదు. కొన్ని నెలలకు ఫూరీ ఆట మానుకుంటున్నట్టు ప్రకటించాడు.

ఆ తర్వాత తెనాలిలో ఒక మ్యాచ్. గెలుపు దగ్గర్లో ఉంది. కెప్టెన్ రవిశంకర్ వచ్చి, "బౌన్సర్ వెయ్‌రా బెన్నీ, ఆ బ్యాట్స్‌మన్‌కి అది ఆడ్డం రాదు" అన్నాడు. బెన్నీ తలూపాడు. బంతి మాత్రం లేవకుండా బ్యాటుకు అందేలా పడింది. ఫోర్. మళ్లీ వేశాడు, మళ్లీ అక్కడే.

"ఏంట్రా ఇది?"

"చెయ్యి వినట్లేదన్నా."

ఓడిపోయారు. ఇంటికొచ్చాక తండ్రి అడిగాడు. "నువ్వు కావాలని కొట్టావా ఆయన్ని?"

"లేదు నాన్నా."

"మరింకేంటి?"

బర్నబాస్ కొడుకు కోసం చర్చిలో ప్రార్థన చేయించాడు. కోచ్‌లు మందలించారు, బుజ్జగించారు. బౌన్సర్ వేద్దామనుకుంటే పరుగు మధ్యలోనే వేళ్లు సడలిపోయేవి. సెలెక్టర్లు కొంతకాలం చూసి పక్కన పెట్టేశారు.

ఇప్పుడు బెన్నీ రేపల్లెలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల మాస్టారు. పిల్లలకి స్పిన్ నేర్పిస్తాడు. ఆ రోజు సంగతి ఎవరితోనూ అనడు. భార్య జెన్నిఫర్‌కి తెలుసు. ఆమె నర్సు.

"ఒకసారి ఆయనకి రాయండి. మీరింత బాధపడుతున్నట్టు ఆయనకేం తెలుసు?" అని పోరగా పోరగా, ఇద్దరూ కూర్చుని ఇంగ్లిషులో ఒక మెసేజ్ రాసి పంపారు. ఫూరీ ఇప్పుడు సొంతూళ్లో పిల్లలకి కోచ్. వారంలోపే జవాబిచ్చాడు.

"ఆ బంతి అడిగింది నేను. నీ ఆట కూడా ఆగిపోయిందని ఇన్నేళ్లలో ఎవరూ నాకు చెప్పలేదు. తెలిసుంటే అప్పుడే నీతో మాట్లాడేవాణ్ణి."

బెన్నీ చదివి ఫోను పక్కన పెట్టేశాడు.

"ఏంటండి, కాస్త తేలికపడిందా?"

"లేదు. కోపమొస్తోంది జెన్నీ. ఈ మాట అప్పుడు వినుంటే... గేటు దగ్గర ఆపారని తిరిగొచ్చేశాను. మర్నాడు మళ్లీ వెళ్లుండాల్సింది."

జెన్నిఫర్ పక్కనే కూర్చుంది.

మర్నాడు బడి వదిలాక బెన్నీ మైదానంలో బౌలింగ్ పరుగు కోసం పాత కొలత ప్రకారం అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడిచాడు. ఎదురుగా బ్యాటు పట్టుకుని ఎవరూ లేరు. పరిగెత్తి బంతిని నేలకేసి కొట్టాడు. ఈసారి వేళ్లు సడలలేదు. కానీ బంతి నడుమెత్తు దాకా లేచి నెమ్మదిగా వెళ్లి వికెట్ల వెనక కట్టిన వలకు తగిలింది. భుజంలో పాత సత్తువ లేదు. చెమట తుడుచుకుని, తనే వెళ్లి బంతి తెచ్చుకుని, ఇంకొకటి వేశాడు.