జరగకముందే రాసిన ఐర్లాండ్ పండుగ

కరోనా సడలి బడులు తెరుచుకున్న ఏడాది, మార్చిలో ఒంటిపూట బడులు మొదలైన వారం. నేను అప్పుడు హన్మకొండలో ఒక దినపత్రికకు స్టాఫ్ రిపోర్టర్‌ని. బడులు, కాలేజీల వార్తలు నావి. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది.

ఒక ప్రైవేటు బడి ప్రిన్సిపాల్ ఫోన్ చేసి, చిన్న తరగతుల పిల్లలతో ఐర్లాండ్ పండుగ చేయిస్తున్నామని చెప్పారు. ఏడాదికి సరిపడా పాఠాలు, పండుగలు, ఆటలు కలిపి ప్యాకేజీగా అమ్మే సంస్థలుంటాయి. అలాంటి ఒక ప్యాకేజీలో ఆ నెల వంతు ఐర్లాండ్‌ది. పిల్లలు ఆకుపచ్చ బట్టలు వేసుకురావాలి. ఆ దేశానికి గుర్తైన మూడు రేకుల ఆకును కాగితంతో కత్తిరించాలి. పచ్చబట్టలు లేనివాళ్లను మిగతావాళ్లు గిల్లాలి. అదీ ప్యాకేజీతో వచ్చిన షీటులో ఉన్న ఆటే.

బడి వార్తలకు మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. లోపలి పేజీలు మధ్యాహ్నానికే మూసేస్తారు కాబట్టి, ప్రెస్‌నోట్ చూసుకుని, కార్యక్రమం అయిపోయినట్టుగా ముందే వార్త రాసిపెట్టుకునేవాళ్లం. ఫొటో రాగానే జోడించి డెస్కుకు పంపడమే.

ఆ రోజు ఫొటోగ్రాఫర్‌తో నేనూ వెళ్లాను. యూకేజీ గదిలో కాశిబుగ్గ నుంచి వచ్చే టీచరు స్వరూప పిల్లలకు కత్తెర పట్టడం నేర్పుతోంది. ఒక పిల్లవాడు తను కత్తిరించిన ఆకు చూపించి, "టీచర్, ఇది మారేడాకు. మా నాయినమ్మ శివుని మీద పెడ్తది" అన్నాడు.

"ఇయ్యాల్టికి ఇది ఐర్లాండ్ ఆకురా. ప్రిన్సిపాల్ సార్ ఇంటే మనిద్దర్నీ శివుని దగ్గరికే పంపుతడు" అంది ఆమె.

పదిహేను నిమిషాల్లో ఫొటో అయిపోయింది, వచ్చేశాం. బడివాళ్ల నోటులో ఎక్కడా ఆమె పేరు లేదు. కష్టపడే మనిషి పేరు ఒక్కసారైనా పేపర్లో రావాలనిపించి, రాసిపెట్టుకున్న వార్తలో "ఈ ఆటలన్నిటినీ యూకేజీ టీచర్ స్వరూప రూపొందించారు" అని ఒక వాక్యం చేర్చి పంపాను.

గిల్లే ఆట మేం వచ్చేశాక మొదలైంది. బడి పెట్టిన వాట్సాప్ మెసేజ్ ఇంగ్లిషులో ఉండటంతో ఇంట్లో ఎవరికీ అర్థం కాక, ఒక పాప రోజూలాగే యూనిఫాంలో వచ్చింది. ఇంటికెళ్లేసరికి రెండు చేతులూ కమిలిపోయి ఉన్నాయి. "పచ్చంగి లేకుంటే పోరిని గిచ్చి సంపుతరా? గిదేం సదువు?" అని ఆ పాప నాయనమ్మ బడి గేటు దగ్గర అడుగుతున్న వీడియో సాయంత్రానికి ఊరంతా తిరిగింది.

తెల్లారి మా వార్త వచ్చింది. శీర్షిక: 'చిన్నారులను అలరించిన ఆటలు'. నిలదీయడానికి వచ్చిన తల్లిదండ్రుల ముందు ప్రిన్సిపాల్ మా పేపరు పరిచి, ఆటలు టీచరువేనని చూపించారు. ఆ రోజే ఆమెను తీసేశారు.

స్వరూప మా ఆఫీసుకు వచ్చింది. "గిచ్చుడొద్దు సార్, పిల్లలు ఆగరని ప్రిన్సిపాల్‌కు ముందే చెప్పిన. షీటుల ఉన్నది చెయ్యాలె అన్నడు. నేనే తయారుజేసిన్నని మీకెవరు చెప్పిన్రు?" అని అడిగింది. సవరణ వేయమంది.

సవరణ వేయాలంటే ప్రెస్‌నోట్ ఇచ్చినవాళ్లు లేఖ ఇవ్వాలి, లేదా రాసిన విలేకరి తన తప్పును ఎడిషన్ ఇన్‌చార్జికి రాసివ్వాలి. బడి ఎలాగూ ఇవ్వదు. నేనిస్తే, జరగకముందే రాశానన్నదీ అందులో చెప్పాలి; అందరూ చేసేదే అయినా, కాగితం మీద ఒప్పుకుంటే ఉద్యోగానికే ముప్పు. చూద్దామమ్మా అన్నాను.

"మీరు సూడకనే గద సార్ రాసిండ్రు" అని ఆమె లేచి వెళ్లిపోయింది.

నేను రాసివ్వలేదు. తర్వాత ఆమె వెళ్లిన ప్రతి బడికీ ఆ వీడియో, మా వార్త ముందే చేరాయని విన్నాను. ఇప్పుడు ఒక బట్టల దుకాణంలో పనిచేస్తోంది. మరుసటి మార్చిలోనూ ఆ బడిలో ఐర్లాండ్ పండుగ జరిగింది, గిల్లే ఆట లేకుండా. ఆ వార్తా నేనే రాశాను, ముందుగానే.

అచ్చయిన వాక్యం చదివినవాళ్లకు ఒక్క పూటలో పాతబడుతుంది. అందులో పేరున్న మనిషికి మాత్రం అది రుజువుగా మిగులుతుంది. మంచి ఉద్దేశంతో రాసినా అంతే. పేరు రాసేముందు ఆ మనిషిని అడగాలి. ఆ గదిలో ఆమెను నేను ఏమీ అడగలేదు.