తామర నూలు

బ్యాంకాక్‌లో, ఒకప్పుడు రాజులు కొలువుండి ఇప్పుడు ఆ దేశ చరిత్రకు మ్యూజియంగా మారిన భవనంలో, చెప్పులు బయట విడిచి టేకు చెక్కల నేల మీద వట్టికాళ్లతో నడుస్తూ బట్టల గదిలోకి అడుగుపెట్టగానే నన్ను ముందుగా పలకరించింది గంజి వాసన. తీరా చూస్తే అది అద్దాల వెనకున్న రాజుల పట్టుబట్టలది కాదు, తలుపు పక్కన కుర్చీలో కూర్చున్న కాపలా ఆమె నడుముకు చుట్టుకున్న నూలు బట్టది. ఉతికి, గంజి పెట్టి, మడత నలగకుండా కట్టుకుంది. నేను అవసరానికి మించి ఆమె దగ్గర నిలబడిపోయాను. ఆమె నవ్వి చేతులు జోడిస్తే నేనూ జోడించాను. అంతకు మించి మాట్లాడుకోవడానికి ఇద్దరికీ భాష లేదు.

జనగామ నుంచి టీచర్లమంతా కలిసి సెలవుల్లో వచ్చిన టూరు అది. మిగతావాళ్లు పొద్దున్నే బజారు మీద పడ్డారు. నాతో మ్యూజియానికి వచ్చింది మా స్కూల్లో పనిచేసే సుజాత ఒక్కతే, అదీ మొహమాటానికి. "పాత బట్టలు చూసేతందుకు గింత దూరం రావాల్నా అక్కా?" అని గడప దగ్గరే విసుక్కుంది. బట్టలు నేసేవాళ్ల వాడలో పుట్టినదాన్ని, నాకు వేరే ఏం కనిపిస్తాయి మరి.

మాది కొడకండ్ల, పద్మశాలి వాడ. నా చిన్నతనంలో మా వాడకు తెల్లవారేది కోడికూతతో కాదు, గంజి వాసనతో. పొద్దు పొడవకముందే వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా పడుగుల నిలువు పోగులు చాపి, ఇంటిల్లిపాదీ బయటికొచ్చి, కుంచెలతో నూలుకు గంజి పట్టిస్తుంటే, వాటి కిందుగా దూరి ఆడుకుంటూ, తల తగిలి పోగు తెగితే వీపు మీద ఒకటి పడితే, ఏడ్చుకుంటూ పోయి అవ్వ ఇచ్చే సర్వపిండి ముక్కతో మళ్లీ నవ్వేవాళ్లం. వానాకాలమంతా నూలు ఆరదని పెద్దవాళ్ల మొహాలు ముడుచుకునేవి. ఆ కాలమంతా మాకు పండుగే, ఎందుకంటే కండెలు చుట్టే పని తప్పేది. మా ఇంట్లో రెండు గుంట మగ్గాలు. ఒకదాంట్లో బాపు, ఒకదాంట్లో తాత, ఇద్దరూ నడుము దాకా నేలలో దిగి కూర్చుని నేసేవాళ్లు. బాపు మగ్గం గబగబా, తాత మగ్గం నింపాదిగా చప్పుడయ్యేది. చీకట్లో కూడా ఏది ఎవరిదో చెప్పగలిగేదాన్ని.

కొన్నేళ్లకొకసారి మా వాడకు పటం కథ చెప్పేవాళ్లు వచ్చేవాళ్లు. వీధంత పొడవున్న బొమ్మల బట్టను మూటగా చుట్టి తెచ్చి, రెండు గుంజలకు కట్టి, ఒక్కో బొమ్మనూ విప్పుకుంటూ మా కులం పుట్టుక కథ పాడేవాళ్లు. మాకే చెప్పాలి, మేమే ఇచ్చుకోవాలి, అది వాళ్లకూ మాకూ తాతల నాటి కట్టుబాటు. ఆ పటంలో ఎర్రటి నేల మీద మా మూలపురుషుడు తామర తూడును విరిచి, అందులోంచి నూలు తీసి, దేవతలకు బట్ట నేస్తున్న బొమ్మ ఒకటుండేది. ఒక ఏడు ఆ బొమ్మ దగ్గర నేను పట్టు పట్టాను.

"తాతా, నిజంగనే తామరకు నూలొస్తదా?"

తాత కన్నా ముందు బాపే అందుకున్నాడు. "కతల నూలుతోటి కడుపు నిండదు బిడ్డా." పక్కనున్న వాళ్లు నవ్వారు. తాత మాత్రం ఆ బొమ్మ వైపే చూస్తున్నాడు.

తర్వాత వచ్చిన బతుకమ్మకు అవ్వ తామర పూలు తెమ్మంటే తాత నన్ను వెంటబెట్టుకుని చెరువుకు పోయాడు. నడుము లోతు నీళ్లలో దిగి, పూలు గట్టున ఉన్న నా ఒళ్లో వేసి, ఒక కాడను మధ్యకు విరిచి రెండు ముక్కలనూ మెల్లగా దూరం జరిపాడు. ఆ రెండింటి మధ్య సాలీడు దారం కన్నా సన్నటి పోగులు సాగుతూ వచ్చాయి.

"గిది చూడు బిడ్డా. కత చెప్పినోడు అబద్ధమాడలే."

గట్టు మీద కూర్చుని, ఆ పోగులన్నిటినీ తడి చేత్తో తొడ మీద పేనుతూ, నా చేతికి ఒక కొస ఇచ్చాడు. "కొస ఇడువకు" అన్నాడు. అది మొదలు మా ఇద్దరికీ అదే పని. పొద్దున తాత చెరువుకు పోవడం, నేను కొస పట్టుకోవడం. ఆరితే తెగిపోతుందని చెంబులో నీళ్లు పెట్టుకుని తడుపుతూ, కొంచెం కొంచెంగా కండెకు చుట్టేవాడు. సద్దుల బతుకమ్మ నాడు ఇల్లంతా మలీద ముద్దల నెయ్యి వాసన, సత్తుపిండి వాసన నిండిపోయి ఉంటే, అరుగు మీద మేమిద్దరం తామర కాడల బురద వాసన కొడుతూ కూర్చున్నాం. "పువ్వులు తెమ్మంటే కాడలు తెస్తున్నడు, ముసలోనికి మతి తప్పింది" అని అవ్వ దారిన పోయే ప్రతివాళ్లకూ చెప్పింది. చెప్పకపోయినా వాడకు తెలియనిదేముంది? చాయ్ హోటల్ దగ్గర తాతను ఆపి మరీ అడిగేవాళ్లు. "ఏందే పెద్దయ్యా, దేవతలకు చీరెలు ఎన్నడు పంపుతున్నవ్?" తాత నవ్వి ముందుకు నడిచేవాడు. నాకు ఏడుపొచ్చేది. ఇంటికొచ్చి పొర్లి పొర్లి ఏడిస్తే, "జానెడు బట్ట నేసి సూపెడదాం బిడ్డా, అందరి నోర్లు అవే మూతపడ్తయ్" అన్నాడు.

తన కోసం నేసుకుంటున్న తువ్వాల చివర, పడుగు నూలుదే ఉంచి, అడ్డంగా పోయే పేకకు తామర పోగును నాడెలో పెట్టి నేశాడు. వేలెడు వెడల్పు వచ్చింది. బెల్లం నీళ్ల రంగు, తాకితే కొంచెం గరుకు. ఎవరికైనా చూపిద్దామని నేను ఎగిరితే ఆపాడు. "గింతనే సూపెడ్తె నూలుకు రంగేసిండంటరు. జానెడు కానియ్." అప్పటికి చెరువు నీళ్లు వెనక్కి పోయి తామరలు ఎండిపోయాయి. వచ్చే ఏడు చూద్దామన్నాడు.

వచ్చే ఏడు రాలేదు. చలికాలంలో ఛాతీలో కఫం పట్టి, జనగామ దవాఖానకు తీసుకుపోయినా తాత దక్కలేదు. ఇంటికి తెచ్చాక అవ్వ దండెం మీద బట్టలన్నీ వెతికి ఆ తువ్వాలనే తీసి ఆయన మీద కప్పింది. "ఆయన నేసిందే ఆయనకు" అంది. మతి తప్పిందని వాడంతా టముకు వేసిన అవ్వే ఆ మాట అంది. అట్లా ఆ వేలెడు బట్ట కూడా తాతతోనే పోయింది. తర్వాత బాపు బతుకుదెరువుకు మమ్మల్ని మహారాష్ట్రలోని భీవండి తీసుకుపోవడం, అక్కడి మరమగ్గాల హోరు, మళ్లీ తిరిగి రావడం, నా చదువు, ఉద్యోగం, ఇవన్నీ జరిగిపోయాయి. తామర నూలు సంగతి ఎవరికి చెప్పినా కథ బాగుందనేవాళ్లు. వినీ వినీ, అదంతా నేను కలగన్నానేమోనని నాకే అనుమానం పుట్టింది.

ఆ అనుమానంతోనే ఇంతకాలం బతికి, ఆ బట్టల గదిలో ఆఖరి అద్దాల పెట్టె ముందు ఆగాను. లోపల ఒక భిక్షువు పైబట్ట. బెల్లం నీళ్ల రంగు. కింద చీటీ మీద ఇంగ్లీషులో, పక్క దేశం నుంచి కానుకగా వచ్చిందనీ, తామర కాడల పోగులతో నేసిందనీ రాసి ఉంది. చీటీ చదవకముందే నాకు తెలిసిపోయింది. నిలువెత్తు మనిషి కప్పుకునేంత బట్ట. నేను ఏడుస్తుంటే సుజాత పరేషానై నీళ్ల బాటిల్ తీసింది, కాపలా ఆమె లేచి వచ్చి తన కుర్చీ నాకు వేసింది.

బయట మెట్ల దగ్గర, దేవుడికి పెట్టడానికి తామర మొగ్గలు కాడలతో సహా అమ్ముతున్నారు. ఒక కట్ట కొన్నాను. మెట్టు మీద కూర్చుని కాడ విరిచి, దూరం జరిపితే, వచ్చాయి, అవే పోగులు. తడి చేత్తో మోకాలి మీద పేని, ఒక కొస సుజాత చేతికిచ్చాను.

"ఏందక్కా గిది?"

"కొస ఇడువకు" అన్నాను. నా నోట తాత మాట అట్లాగే వచ్చింది.

ఇంతలో, టూరు బస్సు కదులుతోందని మావాళ్ల ఫోన్ వచ్చింది, సుజాత ఉలిక్కిపడి కొస వదిలేసింది. పోగు ముడుచుకుని నా వేలికి చుట్టుకుంది. బస్సులో కూర్చుని, ఊరికి ఫోన్ చేసి తాత మాట నిజమని చెబుదామని నంబర్ల కోసం వెతికాను. మా మగ్గాల గుంటలు పూడ్చి ఎప్పుడో బండలు పరిచారు. వాడలో గంజి వాసన లేదు. పటం వాళ్లు రాక ఎన్నేళ్లయిందో తెలియదు. బాపు లేడు, అవ్వ లేదు, చాయ్ హోటల్ దగ్గర తాతను ఆపిన వాళ్లలో ఒక్కరూ లేరు. ఆనాడు నవ్వినవాళ్లలో ఒక్కరైనా మిగిలి ఉంటే ఎంత బాగుండేది.