సిలికాన్ బిళ్ళ

జహీరాబాద్ బస్టాండులో మా బస్సు ఇంకా కదలలేదు. ఒకాయన ఎక్కి "క్వాంటం సిలికాన్ బిళ్ళ" అంటూ తాడుతో మోకాలికి కట్టుకునే నల్లటి బిళ్ళలు అమ్మసాగాడు. అందులోని అణువులు గిర్రున తిరిగి మోకాళ్ల నొప్పిని లాగేస్తాయట. నాకు ఒళ్ళు మండిపోయింది. సిలికాన్‌లో ఒక్క భాస్వరం పరమాణువును పొదిగి, దాని కేంద్రకపు స్పిన్‌తో, అంటే తిరుగుడులాంటి గుణంతో, క్వాంటం కంప్యూటర్ కట్టాలని మా ల్యాబంతా ఏళ్లుగా తంటాలు పడుతోంది. మంచుకన్నా ఎంతో చల్లని పెట్టెలో పెట్టినా ఆ స్పిన్ ఓ పట్టాన మాట వినదు. ఈయన బిళ్ళలో మాత్రం తాడు కట్టగానే వింటుందట!

"అంతా అబద్ధం! నేను పనిచేసేది దాని మీదనే," అని లేచి అరిచాను. ఆయన గబగబా దిగిపోయాడు.

నా పక్కన కూర్చున్న కోహీర్ ఊరి పెద్దమ్మ ఒకామె అప్పటికే ఒక బిళ్ళ మోకాలికి కట్టుకుంది.

"నువ్ జేసేది నొప్పులకు గాదా, బిడ్డా?"

"కాదు పెద్దమ్మా. కంప్యూటర్‌కు."

"అయిందా మరి?"

"ఇంకా కాలేదు."

"ఆయనేమో అయిందన్నడు." తాడు విప్పి బిళ్ళ నా చేతిలో పెట్టింది. "నువ్వే నిజం జెప్తున్నట్టున్నది. గిది నువ్వుంచుకో."

మొన్న మా ప్రొఫెసర్ పిలిచి, పత్రికా ప్రకటనలో 'క్వాంటం కంప్యూటర్ దాదాపు సిద్ధం' అని రాయమన్నారు. నేను బ్యాగులోంచి ఆ బిళ్ళ తీసి ఆయన బల్ల మీద పెట్టాను.

"ఏంటిది?" అన్నారు.

"సిద్ధమైపోయింది సార్," అన్నాను. "మోకాలికి కట్టుకోండి."