ఆకుపచ్చ చుక్క

మా ల్యాబులో పెన్నులు నిలవవు. రిపోర్టు కోసం వచ్చినవాళ్లు సంతకం పెట్టి, పెన్ను కూడా రిపోర్టుతో ఇచ్చేదే అనుకుని జేబులో వేసుకుపోతారు. విసిగిపోయి, నా నల్ల మార్కరుని పొందూరు నూలుదారంతో మైక్రోస్కోపుకి కట్టేశాను.

దయ్యాల్ని నేను నమ్మను. ఇరవై రెండేళ్లుగా శ్రీకాకుళంలో ఇదే పని. గడ్డలోకి సూది దించడం, వచ్చిన రవ్వంతని గాజు పలక మీద పూయడం, క్యాన్సరో కాదో చెప్పడం. మనుషుల లోపల ఇంతగా వెతికినవాడికి ఆత్మ ఒక్కసారైనా తగలాలి కదా. తగల్లేదు.

అనుమానమొచ్చిన కణాలు కనిపిస్తే, మళ్లీ వెతుక్కోనక్కర్లేకుండా అక్కడ పలక మీద మార్కరుతో చుక్క పెడతాను. ఏమీ లేకపోతే చుక్క ఉండదు; పలక అలాగే బీరువాలోకి పోతుంది.

చేపలమ్మే ఒకావిడకి మెడ మీది గడ్డలో సూది వేశాను. “నొప్పేటి బాబూ, జెల్లసేప ముల్లు కన్నా నయమే” అంది. మర్నాడు ఆమె పలకలు రెండూ చూశాను. క్యాన్సర్ లేదని రాసి, సంతకం పెట్టి, గదికి తాళం వేసి భోజనానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి ఆవిడ గుమ్మంలో ఉంది. “వేగిరం సెప్పు బాబూ, సేపలు పాడైపోతన్నాయి.”

రిపోర్టు చేతికిచ్చేముందు పలక నంబరు సరిచూడటం నా అలవాటు. రెండో పలక అంచున ఆకుపచ్చ చుక్క ఉంది.

దాని కింద చూశాను. ఆరేడు కణాలు. క్యాన్సరే.

భయం వేయలేదు. చేతులు మాత్రం రెండుసార్లు కడుక్కున్నాను. రిపోర్టు చింపి, కొత్తది రాసి, ఆవిడకి చెప్పాను.

“అయితే ఈ సేపలమ్మీసి ఎల్తాను” అంది.

విశాఖలో ఆపరేషన్ అయింది. ఇప్పుడు మా వీధిలోనే అమ్ముతోంది. బేరమాడితే నన్నూ తిడుతుంది.

ల్యాబంతా వెతికాను. ఆకుపచ్చ మార్కరు లేదు. తాళంచెవి నా జేబులోనే ఉంది. పలక మీది నంబరు నా చేతిరాతే. స్పిరిటుతో తుడిస్తే చుక్క మామూలు సిరాలాగే పోయింది. సాక్ష్యం కూడా పోయిందన్న తెలివి తర్వాత వచ్చింది. ఆ చుక్క ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

మా టెక్నీషియన్ పార్వతి ఆ రోజు సెలవులో ఉంది. నెల ఆగి ఆమెకి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. కొత్త పలకలు కడుగుతూ తలెత్తకుండానే అంది:

“సుక్క ఎవులెట్టారో నాకెందుకు సార్? సుక్క నేకుండా బీరువాలో ఉన్న పలకల సంగతేటి?”