మా అవ్వ వెదికిన ముల్లు

బ్రూస్‌పేటలో మా వీధికంతా ముల్లు తీసే ఆమె మా అవ్వ. పైటకు ఎప్పుడూ ఒక సేఫ్టీపిన్ను గుచ్చుకోనుండేది. ఎవరి కాల్లో ముల్లు దిగినా కుంటుకుంటూ మా అరుగు మీదికి వచ్చి కాలు చాపాల్సిందే. మా దిక్కు ముండ్లకేం కరువా? సర్కారు తుమ్మను కన్నడమోళ్లు 'బళ్ళారి జాలి' అంటారు. ఏ ఊరి పేరన్నా మామిడికో మల్లెకో పెడతారు గానీ, మా బళ్ళారి పేరు పోయి పోయి ముల్లుచెట్టుకు పెట్టినారు! అందుకే మా ఇండ్లల్లో కాలు నొప్పి అంటే ముల్లే. ఇంకొకటి అయ్యుంటాదని ఎవరికీ తోచేది కాదు.

నేనేమో పరుగు పందేల పిల్లను, అదీ ఒట్టి కాళ్లతో. బూట్లు కొనేకి లేక కాదు. మా నాయన రైల్వేలో ఫిట్టరు, ఒకసారి కాన్వాసు బూట్లు కొనిచ్చినాడు కూడా. వేసుకుని పది అడుగులు పరిగెత్తేసరికి ఎవరి కాళ్లో అరువు తెచ్చుకున్నట్ల అనిపించింది. తీసి ట్రంకు కిందికి తోసేసినా. తెల్లవారుజామున రూపనగుడి రోడ్డు పక్కన నల్లరేగడి దోవలో ఒట్టి కాళ్లతో పోతాంటే ఉండే సుఖం నోటితో చెప్పేది కాదు.

పీయూసీ రెండో సంవత్సరంలో ఉన్నా అప్పుడు. జిల్లా క్రాస్ కంట్రీ పందెంలో మొదటి ముగ్గురినే రాష్ట్రానికి పంపుతారు. అంతకుముందు రెండేండ్లూ నేను నాలుగోదాన్ని. వింటాండారా, రెండు సార్లూ నాలుగు! ఆ ఏడాది దాటితే ఆడపిల్లల పందెంలో నాకు వయసు దాటిపోతాది. ఈసారి మూడు లోపల రాకపోతే ఇంగ రానట్లే. ఆ పంతంతో రోజూ పోయేదానికి రెండింతల దూరం పెట్టుకున్నా. ఆ రోడ్డుకు అప్పుడే కొత్తగా తారు వేసినారు. నున్నగా ఉండాది గదా అని మట్టి దోవ వదిలి తారు మీదికెక్కినా. పందేనికి ఇంగా మూడు నెలలుండంగా కుడికాలు నొప్పి పట్టుకుంది.

"ముల్లు ఇరిగి లోపల ఉండాది" అని అవ్వ తేల్చేసింది. మూడు రోజులు జిల్లేడు పాలు పోసింది. ఉల్లిగడ్డా బెల్లమూ నూరి, వెచ్చచేసి కట్టింది. ముల్లు బయటికి రాలేదు. ఇంగ పిన్ను తీసింది. నాలుగు సాయంత్రాలు నా అరికాలు జల్లెడ చేసింది.

"అవ్వా, నొప్పి పైన ఉండాది, నువ్వు కింద తవ్వుతాండావే!"

"ముల్లు యాడైనా పైనుంచి గుచ్చుకుంటాదేమ్మే? సుమ్నె కూచో, కదలొద్దు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి, ఏం చెప్పాల? మంటకు నేను అరిచేది, అవ్వ నా మోకాలు పట్టుకుని ఇంకా లోపలికి చూసేది.

ఆదివారం చర్చిలో పాటకు లేచి నిలబడితే కుడికాలు కింద పెట్టేకి కాలేదు. ఆసుపత్రిలో పనిచేసే సిస్టరమ్మ మా వెనక బెంచీలోనే కూచుంటాది. ఆరాధన అయినాంక నన్ను మెట్ల మీద ఆపింది.

"ఏం పాపా, కొంగ మాదిరి ఒంటికాలి మీద పాడ్తాండావు?"

కాలు చాపమని అరికాలు నొక్కింది. పిన్ను పోట్ల మంట తప్ప ఏం లేదు. ఆ తర్వాత కాలు పైనుంచి ఒక్కొక్క ఎముకనే బొటనవేలితో తడుముతా వచ్చింది. రెండో వేలి ఎముక నడుమ నొక్కేసరికి నేను పెట్టిన కేకకు పాస్టరుగారు వాకిట్లోకి వచ్చి చూసినాడు.

"ముల్లయితే కిందనుంచి నొస్తాది. ఇది ఎముక. ఈ మధ్య నీ పరుగులో ఏం మార్చినావు?"

తారు రోడ్డు సంగతీ రెండింతల దూరం సంగతీ చెప్పినా.

"అదీ సంగతి. మెత్తటి నేలకు అలవాటైన కాలు. రోజూ అంత గట్టి దెబ్బ పడితే ఎముక అలిసిపోయి చిట్లుతాది."

మరుసటిరోజు ఎక్స్‌రే తీయించినాము. డాక్టరు దాన్ని వెలుతురుకు పెట్టి చూసి "ఏనూ ఇల్లమ్మా" అన్నాడు. ఏమీ లేదంట! ఇంగ చూడాల మా అవ్వను. ఇల్లంతా ఊరేగింపే. "ఎముక ఇరిగింటే ఫోటోలో పడకుండా యాడికి పోతాది? ముల్లు గాబట్టే పడలేదు!"

సిస్టరమ్మ మాత్రం కదల్లేదు. ఇట్లాంటి చీలిక మొదట్లో ఫోటోకు దొరకదనీ, అతుక్కునేటప్పుడే కనపడుతాదనీ, మూడు వారాలాగి మళ్లా తీయించమనీ చెప్పింది. అంతదాకా పరుగు బంద్. కాలు వంగకుండా గట్టి అడుగున్న బూటు వేసుకోవాల.

మా ఇంట్లో గట్టి అడుగున్న బూటంటే నాయన షెడ్డుకు వేసుకుపోయే పాత బూటే. కుడికాలికి అది, లోపల గుడ్డలు కుక్కి. ఎడమకాలికి హవాయి చెప్పు. ఆ వేషంతో కాలేజీకి పోతాంటే వీధిలో ఆడోళ్లు "ఏం పాపా, ఇంజను తోలేకి పోతాండావా?" అని నవ్వేది. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. అరికాల్లో మంట నిజంగానే ఉండె మరి!

ఇంట్లో కాలుగాలిన పిల్లి మాదిరి తిరిగినా. పదో రోజు నొప్పి తగ్గినట్ల అనిపించి, ఎవరూ చూడకుండా బూటు విప్పి వీధి చివరిదాకా పరిగెత్తినా. పోయేటప్పుడు బాగానే పోయినా. వచ్చేటప్పుడు గోడ పట్టుకుని ఏడ్చుకుంటా వచ్చినా. అవ్వ అరుగు మీదనే కూచోనుంది. "తీసేస్తాను రా, ఒక్కసారి చూడనీ" అని పిన్ను తీసింది.

నా నోటికేం వచ్చిందో వినండి. "నీ పిన్నుతోనే నా కాలు పోగొట్టినావు! నా పందెం నీ వల్లనే పోతాంది!"

అవ్వ పిన్ను మళ్లా పైటకు పెట్టుకుంది.

మూడు వారాలకు తీయించిన రెండో ఎక్స్‌రేలో రెండో వేలి ఎముక చుట్టూ తెల్లగా గడ్డ కట్టినట్ల కనపడింది. విరిగింది అతుక్కుంటాందని డాక్టరే చూపించినాడు. ఇంటికి తెచ్చినాంక అవ్వ ఆ ఫిల్మును కిటికీకి పెట్టి చానాసేపు చూసింది. ఆ సాయంత్రం ఆమె పైటకు పిన్ను లేదు. వారం తర్వాత పాలు పోసే ఆమె ముల్లు దిగిందని వస్తే, "నాకు కండ్లు ఆనడం లేదమ్మా, ఆసుపత్రికి పో" అని పంపించేసింది. కండ్లు ఆనకేం? బియ్యంలో రాళ్లు ఏరేది ఎవరు మరి?

నా ఎముక విరిగింది తారు రోడ్డు వల్లనే గానీ పిన్ను వల్ల కాదని సిస్టరమ్మ నాకు మెట్ల మీదనే చెప్పింది. అవ్వకు ఆ మాట చెప్పేకి నాకు నోరు రాలేదు. పొగరు.

కాలు నొక్కితే నొప్పి లేదన్నాంకనే సిస్టరమ్మ నేల మీదికి వదిలింది. ఒక కరెంటు స్తంభం దాకా నడక, ఒక స్తంభం దాకా పరుగు, అదీ మట్టి దోవలోనే. తెల్లారి లేచి మొదటి అడుగు వేసేటప్పుడు నొస్తే ఆ పొద్దు పరుగు లేదు. అట్ల ఐదు వారాలు స్తంభాలు లెక్కబెట్టినా. నడిచే స్తంభాలు తగ్గుతా వచ్చినాయి. చివరికి ఒక పొద్దు నడవకుండా పోయి నడవకుండా వచ్చినా. ఆ పొద్దు మా అమ్మ చేసిన బొరుగుల ఉగ్గాని గిన్నెడు తిన్నా.

పందెం రోజు రానే వచ్చింది. కాలువ గట్టు దిగేసరికి మూడో స్థానంలో ఉన్నా. ఇంగొక్క మైలు. అప్పుడు చురుక్కుమంది. అదే కుడికాలు! నిలబడిపోయినా. నన్ను దాటుకుని ఇద్దరు పోయినారు. వంగి పైనుంచి రెండో ఎముక గట్టిగా నొక్కినా. ఏం లేదు. ఇంకా గట్టిగా నొక్కినా. ఏమీ లేదు! అరికాలు ముట్టుకుంటే మాత్రం ప్రాణం పోయింది.

"ముల్లే! దేవుడా, ముల్లే!" అని ఆ గట్టు కింద ఒక్కదాన్నే గట్టిగా నవ్వినా. ముల్లు దిగినందుకు అంత సంతోషపడినోళ్లు ఆ జిల్లాలో ఇంకొకరు ఉండరు. మడమ మోపకుండా, ఏడ్చుకుంటా నవ్వుకుంటా పరిగెత్తినా. ఒకామెను మైదానం గేటు దగ్గర దాటినా, ఇంకొకామెను ముగింపు తాడు దగ్గర. మూడు! మూడోదాన్ని!

షామియానా కింద అవ్వ టిఫిన్ డబ్బా పట్టుకుని కూచోనుంది. నేను కుంటుకుంటా వస్తాంటే ఆమె ముఖం తెల్లబోయింది.

"మళ్లా ఇరిగిందా పాపా?"

పోయి ఆమె ముందర కూలబడి కాలు ఒళ్లో పెట్టినా. "ముల్లు అవ్వా. తియ్."

"నేను తీయను. నీ కాలు ముట్టను."

"నా ఎముక ఇరిగింది తారు రోడ్డు మీద పరిగెత్తినందుకు. నీ పిన్నుతో కాదు. నాకు ఎప్పుడో తెలుసు. నీకు చెప్పలేదు, తప్పు నాదే."

అవ్వ నా ముఖం చూసింది. పిన్ను లేదనింది. నా ఎదమీద నంబరు గుడ్డకు పెట్టిన సేఫ్టీపిన్నుల్లో ఒకటి ఊడపెరికి ఆమె చేతిలో పెట్టినా.

ఆమె వెంటనే అరికాలు చూడలేదు. ముందు కాలు పైనుంచి బొటనవేలు పెట్టి, ఒక్కొక్క ఎముకనే తడిమింది.

"ఈడ నొస్తాందా?"

"లేదు."

"ఈడ?"

"లేదవ్వా."

ఐదు ఎముకలూ అయినాంకనే కాలు తిప్పింది. ఒక్క పోటు. అంగుళం జాలిముల్లు బయటికొచ్చింది. దాన్ని నా అరచేతిలో పెట్టి, నా కాలు మీద తల ఆనించింది. నా కాలు తడిసింది. ఆ తర్వాత తలెత్తి, షామియానా అంతా వినపడేటట్ల "చూడండప్పా, ఈసారి ఉండాది!" అని అరిచి, పిన్ను తుడిచి తన పైటకు గుచ్చుకుంది.

బహుమతి తీసుకునేకి పోయినప్పుడు నా నంబరు గుడ్డ ఒక మూల ఊడి వేలాడ్తాండింది. పిన్ను మళ్లా అడగలేదు నేను.