చిక్కుడు జాతే కదా అన్న మా మాస్టారు

మా ఆయన తాడేపల్లిగూడెంలో సైన్సు మాస్టారు. చెట్లన్నా పురుగులన్నా ఆయనకు పిచ్చి. పంతొమ్మిదివందల ముప్ఫైల్లో, మా పెళ్లయిన మరుసటి ఏడు, క్రిస్మస్ సెలవుల్లో నన్ను పాపికొండలకు తీసుకెళ్లారు. నేను కొల్లేటి ఒడ్డు పిల్లని. మా ఊళ్లో అన్నిటికన్నా ఎత్తయినది ఏటిగట్టు. అందుకని కొండెక్కుతుంటే ఆయన పురుగుల సీసాల సంచి మోస్తూ నేను రొప్పేదాన్ని, ఆయన ఆకు ఆకుకీ పాఠం చెప్పేవారు.

మూడో రోజు దారి చూపడానికి కొండపల్లె నుంచి ఒక ముసలావిడ వచ్చింది. ఒకచోట తీగకు గోధుమరంగు మఖమలు తొడిగినట్టున్న కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి.

"వాటిని ముట్టుకోకండి బాబుగారూ, దూలగొండి. దురదలు పుడతాయి," అందావిడ.

"ఇది చిక్కుడు జాతే," అన్నారాయన నాతో.

"ఆవిడ ఇక్కడే పుట్టి పెరిగిందండీ."

"నేను చదువుకున్నాను," అని గుత్తి కోశారు.

కాసేపటికి చొక్కా చేతులు సర్దుకోవడం మొదలుపెట్టారు. ఆ సర్దడం మోచేతుల దాకా పాకింది. నుదురు తుడుచుకున్నారు, అక్కడా అంటుకుంది.

"ఏవండీ, చిక్కుడుకాయ కరిచిందా?" అన్నాను. జాలేసి నా కొంగుతో ముఖం తుడిచాను. అంతే, నా చేతులూ మండిపోయాయి. అప్పుడు మాత్రం ఆయన కొంచెం తేరుకున్నట్టు కనిపించారు.

ముసలావిడ మమ్మల్ని ఏమీ అనకుండా తన గుడిసెకు తీసుకెళ్లి, ఇద్దరికీ పేడ పూసింది. ఆరేదాకా గోక్కోవద్దంది. అలికిన గోడల్లా అరుగు మీద కూర్చున్నాం.

అప్పుడు చూరులోంచి ఒక ఎండుపుల్ల ఆయన చొక్కా భుజం మీద పడింది. పడ్డ పుల్లకు కాళ్లు వచ్చాయి. ఆయన కొండెక్కింది ముఖ్యంగా ఈ పుల్లపురుగు కోసమే.

"పట్టుకో," అన్నారు మెల్లగా.

"నా చేతులకీ పేడేనండీ."

అది తీరుబడిగా కాలరు దాకా నడిచింది, కాసేపు ఆగింది, చూరులోకి వెళ్లిపోయింది. ఆయన ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండిపోయారు. ముఖంలో పట్టుకోలేదన్న బాధ ఏమీ లేదు. పేడ ఆరిన నుదురుతో అంత సంతోషంగా ఆయన్ని నేనెన్నడూ చూడలేదు.

"అది రోజూ ఇక్కడే తిరుగుద్ది బాబుగారూ," అంది ముసలావిడ. "అడిగితే చెప్పేదాన్ని కదా."

మర్నాడు ఆయన ప్రతి చెట్టు దగ్గరా ఆగి, "దీన్ని ముట్టుకోవచ్చా అండీ?" అని ఆవిడని అడిగారు. సీసాల సంచి మోసే నన్ను మాత్రం ఏమీ అడగలేదు.